అన్నీ ఐదులే

అది కాదు పిన్నీ, ఒక్క ప్రశ్నకి మూడు వేస్తే ఏం పోయేది? పోనీ నాలుగు. నీ వెనకాల ఎవరైనా కర్ర పట్టుకుని నించున్నారా? పై నుంచి కింద దాకా ఐదు, ఐదు, ఐదు. మిషను కుట్టు వేసినట్టు, ఒక్కచోట కూడా వంకర లేదు.

కదలకు. చెయ్యి దిండు మీదే ఉంచు. కిందకి వేలాడేస్తే వాపు దిగదని నర్సు మరీ మరీ చెప్పింది కదా.

ఆఁ, కోపంగానే ఉన్నాను. నీ మీద కాదులే. మరెవరి మీద అంటే... అది తెలిస్తే ఈపాటికి వాళ్ళ గుమ్మం ముందే ఉండేదాన్ని, ఇక్కడికెందుకు వస్తాను?

విచారణ నుంచి తిన్నగా ఇటే వచ్చాను. నేను మెట్లెక్కుతుంటే బాబాయి చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. భుజం తగిలేంత దగ్గరగా వెళ్ళాడు. పలకరించలేదు. ఆసుపత్రిలో ఆ రోజు తర్వాత నాతో మాట్లాడనే లేదు. ఆ రోజు మాత్రం ఒక్క మాటన్నాడు. "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం" అన్నాడు. అనేశాక గానీ తనేమన్నాడో తనకే తెలియలేదు. వరండాలో బెంచీ మీద కూలబడి తల వంచేసుకున్నాడు. సామెతలు కూడా చూసుకుని వాడాల్సిన ఇల్లయిపోయింది మనది.

నవ్వకు. నవ్వితే చెయ్యి కదులుతుంది.

నిన్న నువ్వు చెప్పకపోతే నాకీ సంగతి జన్మలో తెలిసేది కాదు. విచారణకి పిలిచారు, ఏం అడుగుతారో ఏమోనని నిన్ను ఊరికే కదిపాను. "ఆ ఇస్త్రీ మిషను బాగాలేదని నీకు తెలుసు కదా పిన్నీ, నా ప్రశ్నల కాగితంలో బాగుందని ఎందుకు పెట్టావు?" అని. నువ్వు నా వంక తెలివితక్కువదాన్ని చూసినట్టు చూశావు.

"నీ పరీక్ష కదే. తక్కువ వేస్తే నీకు మార్కులు పోవూ?" అన్నావు.

నా పరీక్షట.

అక్కడితో ఆగావా? "నేనొక్కదాన్నే కాదు, అందరికీ ముందే చెప్పిపెట్టాను. మా అక్క కూతురు, పెద్ద చదువు చదువుతోంది, ఎవరూ చెయ్యి వెనక్కి లాక్కోకండి, నిండుగా వెయ్యండి అన్నాను" అని గొప్పగా చెప్పావు. బంతిలో కూర్చున్నవాళ్ళకి కొసరి కొసరి వడ్డించినట్టు, మీ లాండ్రీలో ఆడవాళ్ళంతా కలిసి నాకు ఐదులు వడ్డించారన్నమాట.

నేను చదివిందే ఆ చదువు పిన్నీ. మనుషులు నలుగురిలో ఉన్నప్పుడు ఒకలా, ఒంటరిగా ఉన్నప్పుడు ఇంకోలా ఎందుకు ఉంటారు, పనిచేసే చోట పైవాళ్ళ ముందు ఏది చెబుతారు, ఏది మింగేస్తారు, ఇదే కదా ఎం.ఏ. అంతా. సోషల్ అండ్ ఆర్గనైజేషనల్ సైకాలజీ అంటే నీకు నోరు తిరిగేది కాదు. ఎవరడిగినా "మనసులు చదివే చదువు" అనేదానివి. పక్కింటావిడ వాళ్ళ పెద్దాయనకి నిద్ర పట్టడం లేదని నా దగ్గరికి తీసుకొచ్చేసింది. అది కాదండీ, మాది ఆఫీసుల్లో మనుషుల గురించి అంటే, "అయితే మా ఆయన ఆఫీసుకే పిచ్చి పట్టిందేమో, అదే చూడమ్మా" అంది.

నువ్వు నమ్మావు, అదీ సంగతి. అమ్మే నమ్మలేదు. దీంతో ఉద్యోగం ఏం వస్తుందే అని రోజూ దెప్పేది. నువ్వు మాత్రం, దాని మానాన దాన్ని చదవనివ్వక్కా అనేదానివి.

ఆఖర్లో ప్రాజెక్టుకి ఏదైనా పనిచోటు చూసుకోమంది గైడు మేడం. ఎక్కడికెళ్ళినా గేటు దగ్గరే. ఒకచోట పై నుంచి అనుమతి రావాలన్నారు, ఇంకోచోట మా వాళ్ళకి సమస్యలే లేవు పొమ్మన్నారు. ఏడుపు మొహంతో ఇంటికొస్తే నువ్వే అన్నావు, మా లాండ్రీకి రావే అని. తడి ఆప్రానుతోనే వెళ్ళి మేనేజరు గది బయట నిలబడ్డావట. "మా పిల్లండీ, చదువు కోసం నాలుగు ప్రశ్నలు అడుగుతుందంతే" అన్నావట. ఆయన వెంటనే సరేనన్నాడు. మంచివాడే అనిపించాడు. ఇప్పటికీ చెడ్డవాడని నోరారా తిట్టలేకపోతున్నాను. అదొక బాధ.

నా అంశం ఏంటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు కదూ? పనిచోట ఏదైనా బాగాలేకపోతే, భయం లేకుండా నోరు విప్పి చెప్పగలుగుతున్నారా అనేదే. అదే నేను తెలుసుకోవాలనుకున్నది. "నేను వాడే యంత్రం సురక్షితంగా ఉంది." "పొరపాటు జరిగితే పైవారికి ధైర్యంగా చెప్పగలను." అలాంటివి. అస్సలు కాదంటే ఒకటి, పూర్తిగా నిజమంటే ఐదు.

మిషన్ల దగ్గరికి వస్తానన్నాను. సూపర్‌వైజరు వద్దన్నాడు. లోపలంతా ఆవిరి, నేల జారుతుంది, కాంటీన్లో కూర్చోండమ్మా, వాళ్ళనే పంపిస్తాను అన్నాడు. సరేనని కాంటీన్లో కూర్చున్నాను. మీరంతా వచ్చారు, ముఖాలు ఎర్రగా, చేతులు తడితో నాని తెల్లగా. ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ళ దుప్పట్లూ ఉతికి ఉతికి అలా అయిపోయిన చేతులు. నేను లేచి నించుని ఉపన్యాసమిచ్చాను. పేర్లు రాయక్కర్లేదు, ఎవరికీ చూపించను, ఇందులో తప్పూ ఒప్పూ ఏమీ లేవు, మీ మనసులో ఉన్నదే పెట్టండి అని. నువ్వు పెళ్ళివారి తరఫు మనిషిలా అందరికీ పెన్నులు పంచుతూ తిరిగావు. వంగి వంగి ఒక్కొక్కరి చెవిలో ఏదో చెబుతున్నావు. నాకు సాయం చేస్తున్నావనుకున్నాను.

సాయమే చేశావులే. కాదనను.

నీతో పాటు ఇస్త్రీ రోలరు దగ్గర చేసే పొడుగక్క అడిగింది, "ఐదంటే ఎక్కువా, ఒకటంటే ఎక్కువా?" అని. ఐదే ఎక్కువక్కా అన్నాను. హమ్మయ్య అన్నట్టు చూసి గబగబా గీసేసింది. చివర కూర్చున్నావిడ పక్కావిడ కాగితంలోకి తొంగి చూస్తోంది. "చూసి రాయకూడదండీ, ఎవరిది వాళ్ళే" అన్నాను. అచ్చం పరీక్ష హాల్లో టీచర్లా. ఇంక పరీక్ష కాదని ఎవరనుకుంటారు?

ఫలితాలు చూసి మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇంత బాగున్న చోటు కూడా ఉందా?" అంది. నాకూ అనుమానమే వచ్చింది. మెప్పు కోసం బాగుందని రాసి ఉంటారేమో మేడం అన్నాను. "అయితే పరిమితులు అనే భాగంలో ఒక పేరా రాసెయ్యి" అంది. రాశాను. జవాబులిచ్చినవారు మెప్పు కోసం ఉన్నదానికంటే బాగున్నట్టు చెప్పి ఉండే అవకాశముంది అని. ఆ వాక్యం అందరూ రాస్తారు. ఉత్తరం చివర కుశలం అడిగినట్టు. మేనేజరు మెప్పు కోసమేమో అనుకున్నాను గానీ, నా కోసమే వేశారని ఎలా అనుకుంటాను?

నీ చేతి అన్నం తిని పెరిగినదాన్ని పిన్నీ. నీ మనసే చదవలేకపోయాను.

ఏంటి? మంచినీళ్ళా? ఉండు, గ్లాసు నేను పట్టుకుంటాను. ఎడం చేత్తో నువ్వు పట్టుకుంటే సగం మెడ మీదే పోతోంది.

తరవాత మేనేజరు ఒక కాపీ అడిగాడు. ఇవ్వకుండా ఎలా? అనుమతి ఇచ్చిన మనిషి. ఆయన దాన్లోంచి ఒక పేజీ పెద్దదిగా వేయించి, బయటివాళ్ళు వచ్చి కూర్చునే గదిలో గోడకి పెట్టించాడు. "మా వాళ్ళ మాట" అని పైన పెద్ద అక్షరాలు. నువ్వు ఫోన్ చేసి మరీ చెప్పావు, నీ పేరు అద్దం కట్టించి గోడకి పెట్టారే అని. ఎంత సంబరపడ్డావో. నేనూ పడ్డాను, అబద్ధమెందుకు.

కానీ ఆ తరవాత జరిగింది నాకెందుకు చెప్పలేదు?

ఆ రోలరు ముందు అడ్డంగా కడ్డీ ఉంటుంది కదా, వేలు తగిలితే చాలు మిషను ఆగిపోవాలి. వేలు తగలకపోయినా, దుప్పటి ముడత తగిలినా ఆగిపోయేదటగా. ఆగినప్పుడల్లా పని వెనకబడటం, సూపర్‌వైజరు అరుపులు. చివరికి, నేను ప్రశ్నల కాగితాలు తేకముందే, ఎవరో దాన్ని గుడ్డపీలికతో పైకి ఎత్తి కట్టేశారు. ఎవరు కట్టారో కూడా ఎవరికీ తెలియదు. కట్టి ఉండటమే అలవాటైపోయింది. నువ్వూ పొడుగక్కా ధైర్యం చేసి మేనేజరు దగ్గరికి వెళ్ళారు, కడ్డీ బాగుచేయించండి సార్ అని. ఆయన కోప్పడలేదు. మిమ్మల్నిద్దర్నీ ఆ గోడ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. "మిషన్లన్నీ బాగున్నాయని మీరే కదమ్మా చెప్పారు? మీ పిల్లే కదా రాసింది?" అన్నాడు.

మీరు తిరిగొచ్చేశారు.

అది నిన్న చెబుతున్నావా నాకు? ఆ రోజే చెబితే నేనే వెళ్ళి... ఏం చేసేదాన్నో. ఏదో ఒకటి. "నీ చదువు మీదికొస్తుందేమోనని ఊరుకున్నానే" అంటావు.

ఆ రోజు సంగతి నేను అడగను. పొడుగక్క చెప్పిందిలే. దుప్పటి అంచు మెలిపడితే సవరించబోయావట. అంతే. రోజూ చేసే పనే. గుడ్డతో పాటు చెయ్యీ వెళ్ళిపోయింది. తను ఇటు చివర నుంచి అటు చివరకి పరిగెత్తి ఎర్ర బటను మీద పడిందట. తను లేకపోతే మోచేతి దాకా పోయేదన్నాడు డాక్టరు. రెండు వేళ్ళతో సరిపోయింది అన్నాడు. సరిపోయిందట. మిగిలినవి వంగుతాయో లేదో కట్టు విప్పాక గానీ చెప్పలేరు.

సరే సరే, ఏడవను. నువ్వే ఏడవడం లేదు, నాకెందుకు?

ఇవాళ ఏం జరిగిందంటే. పొడవాటి బల్ల. కార్మిక శాఖ నుంచి ఒక అధికారి, పెద్దాయన, నెమ్మదస్తుడు. ఇటు మేనేజరు, సూపర్‌వైజరు. ఆ చివర పొడుగక్క. మిషను ముందే చూసొచ్చారట. కడ్డీ దాని చోట అది ఉంది, శుభ్రంగా. గుడ్డపీలిక లేదు. ఎందుకుంటుంది?

అధికారి ముందర నా ప్రాజెక్టు పుస్తకం. లోపల అక్కడక్కడా రంగు చీటీలు అంటించి ఉన్నాయి. నా పుస్తకాన్ని అంత శ్రద్ధగా చదివిన మనిషి లోకంలో ఆయనొక్కడే పిన్నీ. మేడం కూడా చదవలేదు అంత.

"ఇది మీరు రాసిందేనా అమ్మా?" అన్నాడు.

"నేనేనండీ."

"యంత్రాలు సురక్షితంగా ఉన్నాయని కార్మికులే చెప్పినట్టు ఇక్కడుంది."

"అది నిజం కాదండీ."

"అంటే మీరు తప్పు రాశారా?"

"లేదండీ. వాళ్ళు పెట్టిందే రాశాను."

"అంటే వాళ్ళు అబద్ధం చెప్పారా?"

చూశావా? అడకత్తెరలో పోకచెక్క. నేనే తప్పు రాశానంటే డిగ్రీ పోతుంది. పోతే పోనీ. కానీ అప్పుడు తప్పు రాసినదాని మాట ఇవాళ మాత్రం ఎందుకు నమ్ముతారు? మీరు అబద్ధమాడారంటే, కడ్డీ కట్టేసి ఉందని మీరు చెప్పేది ఎవరు నమ్ముతారు? ఎటు కదిలినా నీ చెయ్యే తెగుతోంది.

"వాళ్ళు నాకు మార్కులు వేశారండీ" అన్నాను.

సూపర్‌వైజరు నవ్వాపుకోలేక దగ్గాడు. అధికారి నవ్వలేదు. పెన్ను కింద పెట్టి, సరిగ్గా చెప్పండమ్మా అన్నాడు. చెప్పాను. పరీక్షనుకున్నారని, మా పిన్ని అందరికీ చెప్పి వేయించిందని, అంతా ప్రేమేనని. నా నోటితో చెబుతుంటే నాకే కట్టుకథలా వినిపించింది.

నా పేరా చదివి వినిపించాను కూడా, ఆ పరిమితులది. ఆయన తలూపి, "ఇది అందరూ రాసేదే కదమ్మా, మా అమ్మాయి థీసిస్‌లో కూడా ఉంది" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు.

"ఈ మార్కుల సంగతి ఇంకెవరైనా చెబుతారా?" అని పొడుగక్క వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. మిషను ఎలా ఉండేది?"

తను నా వంక చూసింది. తరవాత మేనేజరు వంక చూసింది. ఆయనే అన్నాడు, "భయపడకుండా చెప్పమ్మా" అని, ఎంత మెత్తగానో. చేతులు బల్ల కింద నలుపుకుంటోంది. నేను పక్కనుంచి చూస్తూనే ఉన్నాను.

"బాగానే ఉండేదండీ."

"కడ్డీ కట్టేసి ఉండేదా?"

"నేను చూళ్ళేదండీ."

పరిగెత్తుకెళ్ళి నీ ప్రాణం కాపాడిన మనిషి పిన్నీ. నీతో పాటే నించుని రోజూ అదే కడ్డీ కింద దుప్పట్లు తోసిన మనిషి.

తిట్టకు. తిట్టడం లేదా? అవును, నువ్వెందుకు తిడతావు. నేనూ తిట్టలేదు. ఆ మౌనం మీద నా పుస్తకంలో పెద్ద అధ్యాయం ఉంది. ఎందుకొస్తుంది, ఎవరి ముందొస్తుంది, ఏం చేస్తే పోతుంది, అన్నీ ఉన్నాయి. ఎదురుగా ఆ మనిషి కూర్చుని ఉంటే నాకు ఒక్క ముక్క గుర్తు రాలేదు. గుర్తొచ్చినా ఏం చెయ్యను? ఆ అధ్యాయంలో తన ఉద్యోగం ఊడితే రేపెలా అనేది లేదు.

బయటికొచ్చాక నా దగ్గరికొచ్చింది. "ఏమనుకోకు, ఇంట్లో నేనొక్కదాన్నే సంపాదన" అంది. తరవాత, "అన్నం తింటోందా?" అంది. తింటోందక్కా అన్నాను. వెళ్ళిపోయింది.

అధికారి రాయబోయేది తెలిసిపోయిందిలే. కార్మికురాలి ఏమరుపాటు. ఆయన తప్పూ కాదు. ఆయన ముందున్న సాక్ష్యమంతా నేను రాసిందే.

మేడంకి రాత్రే ఫోన్ చేశాను కదా, ఒక ఉత్తరం రాసివ్వండి, ఈ లెక్కలు చెల్లవని అని. విని, "అయ్యయ్యో" అంది. నాకోసం బాధపడుతోందనుకున్నాను. తరవాత అంది, "ఇది చాలా ఆసక్తికరమైన విషయం. ప్రేమతో జవాబులు మారిపోవడం. దీని మీదే పీహెచ్‌డీ చెయ్యి." ఉత్తరం సంగతి అడిగితే, యూనివర్సిటీ ఒప్పుకోదు అంది.

ఇంకొకటి ఉంది. అది చెప్పాలనే ఇందాకటి నుంచీ ఇవన్నీ చెబుతున్నాను.

అంతా అయ్యాక మేనేజరు నన్ను కారిడార్లో ఆపాడు. మీ పిన్ని ఎలా ఉంది అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి, నటన కాదు. "ఆవిడకి నేను అన్యాయం చెయ్యను. వచ్చిన బట్టలు వేరుచేసే దగ్గర కూర్చోబెడతాను, ఎడం చేత్తో చేసుకోవచ్చు. కాకపోతే విషయం ఇంకా పైకి సాగదీస్తే మా యజమానులు ఊరుకోరు, అప్పుడు నా చేతుల్లో ఉండదు" అన్నాడు.

బెదిరించలేదు పిన్నీ. బెదిరిస్తే బాగుండేది. తిరగబడటానికి ఏదో ఒకటి దొరికేది.

తరవాత అన్నాడు, "మీలాంటి వాళ్ళు మాకు కావాలి. సిబ్బంది సంక్షేమం చూసే పోస్టు ఖాళీగా ఉంది. కష్టసుఖాలు వినాలి, ఏటా ఈ సర్వే చెయ్యాలి. మీకన్నా తెలిసినవాళ్ళెవరున్నారు?" అని.

అదిగో, తలూపుతున్నావు. వెళ్ళమంటావు. నాకు తెలుసు నువ్వలాగే అంటావని. లోపల మనదంటూ ఒక మనిషి ఉంటే నయమంటావు, కడ్డీ అయినా బాగుచేయించవచ్చు అంటావు. నేనూ అలాగే అనుకున్నాను, కారిడార్ దాటేలోపు. అనుకోకపోతే మెట్లు దిగలేకపోయేదాన్ని.

బాబాయి అడిగితే, ఆలోచించుకుని చెబుతానందని చెప్పు. నువ్వే చెప్పు, నా వల్ల కాదు.

లేదు, ఆలోచించుకుంటానని అనలేదు. అక్కడికక్కడే సరేనన్నాను. సంతకం కూడా పెట్టి వచ్చాను. ఏం చెయ్యమంటావు మరి? ఒక పక్క నీ ఎడంచేతి పని, ఇంకో పక్క నా డిగ్రీకి దొరికిన ఉద్యోగం. మధ్యలో ఆయన పెన్ను మూత తీసి పట్టుకుని నించున్నాడు.

వచ్చే నెల నుంచి నువ్వు ఏదైనా ఇబ్బంది చెప్పుకోవాలంటే నా గదికే రావాలి. తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందని బయట బోర్డు కూడా పెడతారట.